యాభైని నూరని చదివిన బోర్డు

తైవాన్‌లోని హ్సించూలో మా చిన్న కంపెనీ టీ ఆకు ఆరబెట్టే యంత్రాలకు ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేస్తుంది. కొత్త బోర్డు ఒక్కోసారి యాభై డిగ్రీల వేడిని నూరని చదివి, యంత్రాన్ని ఆపేసేది. వేడిని కొలిచే సెన్సార్ నుంచి అంకెలు తెచ్చే డ్రైవర్ ప్రోగ్రామ్ రాసింది పెంగ్ యూజెన్. తప్పు పట్టుకుందామని ఆమె, సెన్సార్‌కు లయ అందించే గడియారపు (క్లాక్) తీగకు ఆసిలోస్కోప్‌ను, అంటే తీగలోని సంకేతాలను తెరపై గీసి చూపే పెట్టెను, తగిలించగానే బోర్డు బుద్ధిగా యాభై అనేది. తీసేస్తే మళ్లీ నూరు. మూడు రోజులు ఇదే వరస.

"నేను చూస్తుంటే ఒకలా, చూడకపోతే ఒకలా! అచ్చం మా ఆయనవే నీ బుద్ధులు," అని బోర్డును తిట్టింది.

మా యజమాని ఫాన్ గారు తొంగిచూసి, "తగిలిస్తే పనిచేస్తోందిగా అమ్మాయ్, ప్రతి యంత్రానికీ ఒకటి తగిలించి పంపేద్దాం," అన్నారు.

"ఆ పెట్టె యంత్రమంత ఉంది సార్!"

ఆయన నవ్వుతూ వెనక్కి తిరగబోయి ఆసిలోస్కోప్ ప్లగ్గును కాలితో లాగేశారు. తెర ఆరిపోయింది. బోర్డు మాత్రం యాభై అనే చూపిస్తోంది.

"కదలకండి సార్!" అని అరిచింది యూజెన్. "చూడ్డం వల్ల కాదు, తగిలించిన తీగ వల్లే! అది సెన్సార్‌ను కాస్త నిదానం చేస్తోంది. నా ప్రోగ్రామే ఆలస్యంగా చదివి, తర్వాతి బిట్టును పట్టుకుంటోంది. బిట్లన్నీ ఒక స్థానం జరిగి విలువ రెట్టింపై, యాభై కాస్తా నూరవుతోంది!"

కాస్త ముందుగా చదివేలా ఒక్క వరుస మార్చింది. తీగ తీసేసినా సాయంత్రం దాకా యాభై చెక్కుచెదరలేదు. నివేదికలో ఆమె ఇలా రాసింది: "లోపం కనిపెట్టినది: ఫాన్ గారి ఎడమ కాలు."