చెప్పకుండా ఎక్కిన చెట్టు

వెంకటరాయప్ప పార్కు గేటు దాటేసరికే చెట్టు నిద్రపోయింది.

అంత పడుతూ లేస్తూ వచ్చిందీ దానితో నాలుగు మాటలు చెప్పడానికే. నగర్తపేటలో చెట్టెక్కేందుకు కొత్త మోకుతాడు బేరమాడి కొనడం తొందరగానే అయింది. మహదేవపుర దగ్గర పడుతుండగా రింగురోడ్డు మీద బస్సు, బురదలో దిగబడ్డ ఎద్దులా నిలబడిపోయింది. మోకు చుట్ట ఒళ్ళో పెట్టుకుని, అద్దాల మేడల వెనక పొద్దు ఒక్కొక్క అంతస్తే దిగిపోవడం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బస్సును తిట్టొచ్చు, పొద్దును ఏమనగలడు? దిగి, విరిగి అతుక్కున్న మోకాలిని ఈడ్చుకుంటూ వచ్చేసరికి ఇదీ సంగతి.

నిద్రగన్నేరు పడుకున్నదీ లేనిదీ చూస్తేనే తెలుస్తుంది. పగలంతా సగం పార్కుకు పందిరి వేసినట్టు పరుచుకుని ఉంటుంది. పొద్దు వాలగానే ప్రతి ఆకునూ రెండు అరచేతులు మూసినట్టు మూసుకుంటుంది. అప్పటిదాకా ఒకే నీడగా ఉన్నది చిన్న చిన్న ముడుపులై వేలాడుతుంది. సందుల్లోంచి ఆకాశం బయటపడుతుంది. పార్కు బోర్డు మీద కన్నడంలో మళె మర, వాన చెట్టు, అని రాశారు గానీ, చింతామణి పక్క పల్లెలో పుట్టినవాడికి అది నిద్రగన్నేరే.

మరునాడు దాని కొమ్మ ఒకటి తీయాలి. ఉయ్యాల మీదుగా, గోడ మీదుగా సాగి కరెంటు తీగల మీద చెయ్యి వేసిన కొమ్మ. వానలకు ముందే తీసేయాలని పాలికె వాళ్ళు, అంటే కార్పొరేషను వాళ్ళు, వచ్చి చూసి, కొమ్మ మొదట్లో పసుపురంగు గుర్తు పెట్టించి పోయారు. ఇన్నేళ్ళూ ఈ చుట్టుపక్కల పార్కుల్లో చెట్టెక్కేది వెంకటరాయప్పే. పోయినేడు పచ్చతురాయి మీదనుంచి పడి మోకాలు పోగొట్టుకున్నాడు. రేపు ఎక్కేది పునీత్. అక్క కొడుకు, కూతురు శశికళ మొగుడు. కానుగలూ తురాయిలూ ఎక్కినవాడే గానీ ఇంత మాను ఎక్కడం ఇదే మొదలు.

కత్తి పెట్టబోయే చెట్టుకు ముందురోజే చెప్పాలి. ఇది వెంకటరాయప్పకు వాళ్ళ నాయన, ఆయనకు వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి. మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, మానుకు అరచెయ్యి ఆనించి, "అమ్మా, రేపు నీ మీద కత్తి పెడతాము. నీలో ఉండేవాళ్ళు ఎవురన్నా ఉంటే పక్కకు జరగండి. మా మీద కోపం పెట్టుకోవద్దండి" అనాలి. ఉండేవాళ్ళంటే పక్షులు, ఉడతలు, చీమలు, ఇంకా పేరెత్తకూడనివాళ్ళు కూడా. చెప్పని చెట్టు అతను ఎక్కలేదు. ఇంకొకరిని ఎక్కించనూ లేదు.

కుళాయి దగ్గర సీసాకు నీళ్ళు పట్టి తెచ్చి మొదట్లో పోశాడు. చెయ్యి ఆనించాడు. బెరడు ఇంకా పగటి వెచ్చదనంతోనే ఉంది, పడుకున్న మనిషి వీపులాగా. నోరు తెరిచాడు. తెరిచిన నోరు మళ్ళీ మూసుకున్నాడు. నిద్రపోయేవాళ్ళకు చెప్పింది చెప్పినట్టా? పెళ్ళిపిలుపైనా సరే, ఇంటావిడ లేచొచ్చి బొట్టు పెట్టించుకుంటేనే పిలుపు. పైనుంచి గులాబీరంగు కుంచెలాంటి పువ్వొకటి తిరుగుతూ తిరుగుతూ దిగి అతని తువ్వాలు మీద వాలింది. చెట్టు నిద్రలో ఏదో అనబోయి మానుకున్నట్టనిపించింది. ఎంతసేపు నిలబడ్డాడో గానీ, ఆ నాలుగు మాటలు మాత్రం నోట రాలేదు.

"నిద్రపోయిందంటావా మామా?" ఇంట్లో సంగటి ముద్ద తుంచుతూ పునీత్ నవ్వాడు. "తలుపు కొట్టి లేపల్సింది."

"నవ్వరా, నవ్వు."

"మల్ల ఆ పచ్చతురాయికి చెప్పే కదా ఎక్కినావు? అంతా బాగా విని, కిందికి తోసింది."

"చెప్పినా కాబట్టి మోకాలితో వదిలిపెట్టింది. లేకుంటే నా దినాల వడలు తిని నువ్వు ఈపాటికి మర్చిపోయి ఉందువు."

పిల్లవాణ్ణి భుజాన వేసుకుని జో కొడుతున్న శశికళ అంది: "తెల్లారి అది లేచేటప్పటికి నువ్వు ఆడ ఉంటే సరిపాయ కదా నాయనా. లేస్తానే చెప్పు."

ముందురోజు కాకపోయినా ముందుగానే కదా, అదీ నిజమే అనుకుని వెంకటరాయప్ప పడుకున్నాడు. కొత్త మోకు తలకింద పెట్టుకున్నాడు.

తెల్లవారింది గానీ పొద్దు పొడవలేదు. వానా కాదు, మంచూ కాదు. మేడల నెత్తిన మబ్బు తడిసిన దుప్పటిలా ఆరేసి ఉంది. చీకటితోనే వచ్చి మొదట్లో కూర్చున్న వెంకటరాయప్ప మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు. ఆకులు రాత్రి ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉన్నాయి. మబ్బు పట్టిన రోజున నిద్రగన్నేరు లేవదు. అది తెలియనివాడు కాడు. ఆ సంగతి రాత్రి తలుచుకోలేదు, అంతే.

కంట్రాక్టరు దగ్గర మేస్త్రి మోహన్‌కుమార్ తాళ్ళూ, టోపీలూ, మిషను రంపమూ వేసుకుని మనుషులతో వచ్చాడు. వస్తూనే ఉయ్యాల చుట్టూ ఎర్ర పట్టీ కట్టించాడు.

"రాయప్పా, కరెంటోళ్ళు లైను తీసేసినారు. మధ్యాహ్నానికి మళ్ళా ఇచ్చేస్తారు. బేగ ఎక్కించప్పా."

"స్వల్ప ఆగప్పా. ఇంకా లేవలేదు."

"ఎవురు, పునీతా?"

"పునీతు లేచినాడు. చెట్టు."

మోహన్‌కుమార్ పైకి చూశాడు. అతనిదీ ఆ పక్క ఊరే. అందుకని నవ్వలేదు. నవ్వకపోగా గొంతు తగ్గించాడు. "చెప్పలేదా?"

"చెప్పేలోపలే పడుకునింది."

"మబ్బు తీయకపోతే ఏం గతప్పా? ఈ పొద్దు కాకుంటే ఈ పని క్రేను వాళ్ళకు ఇచ్చేస్తారు. వాళ్ళకు సవరేది తెలీదు, ఆ పక్కంతా బోడి చేసి పోతారు. ఇంక పునీతును నమ్మి ఇంత మాను ఎవురిస్తారు? నువ్వే ఆలోచన చేయి."

కన్నడంలో సవరడమంటే కొమ్మ తీయడమూ అవుతుంది, చేత్తో నిమరడమూ అవుతుంది. వెంకటరాయప్ప ఆలోచించాడు. ఎక్కించకపోతే చెట్టుకు చేటు, అల్లుడి పనికి చేటు. ఎక్కిస్తే, ఏమో. ఆ ఏమో దగ్గరే ఆలోచన ఆగిపోతోంది. పునీత్ అప్పటికే నడుముకు పటకా బిగించి, టోపీ పెట్టుకుని, పెళ్ళిపీటల మీద కూర్చోబోయేవాడిలా నిలబడి ఉన్నాడు.

"మామా, ఎక్కేదా?"

"ఆగు."

కరెంటు పోయిన మేడల్లోంచి జనం ఒక్కొక్కరే దిగసాగారు. మోటార్లూ, ఏసీలూ ఆగిపోయాక ఆ వీధికి అంత నిశ్శబ్దం ఉందని వాళ్ళకే తెలియనట్టు, చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తూ వచ్చి చెట్టు రెండో పక్కన కూర్చున్నారు. విజయవాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన లలిత్ ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని బెంచీ మీద చేరాడు.

"అంకుల్, పవర్ ఎప్పుడొస్తుందండీ? మీటింగ్ ఉంది."

"చెట్టు లేచినాక."

"చెట్టు లేవడమేంటి?"

వెంకటరాయప్ప చేత్తో పైకి చూపించాడు. లలిత్ తలెత్తి, ముడుచుకున్న ఆకులను కాసేపు చూశాడు. "స్నూజ్ కొట్టుంటుందిలెండి," అన్నాడు. లాప్‌టాప్‌లోంచి ఎవరో "లలిత్, ఆర్ యూ దేర్?" అని రెండు మూడుసార్లు పిలిచారు. అతని గడ్డం అప్పటికే గుండెల మీద వాలింది.

ఆ చెట్టు కింద నిద్ర పైనుంచి దిగుతున్నట్టుంది. పాలపాకెట్టు చేతిలో పట్టుకున్న ముసలామె కళ్ళు మూతలు పడ్డాయి. కుక్క ఒకటి మనుషుల మధ్య వేడి వెతుక్కుని చుట్ట చుట్టుకుంది. మోహన్‌కుమార్ చేతిలోని ఫోను జారి గడ్డిలో పడితే తీసుకోలేదు. వెంకటరాయప్పకూ కన్ను మూతపడింది. కన్ను మూసిన చోట చెట్టు పెద్ద మేడ. కొమ్మ కొమ్మకూ ఇళ్ళు, ఇంటింటా మంచాలు. మంచాల మీద ఎవరెవరో అటునుంచి ఇటు ఒత్తిగిలుతున్నారు, ఆకుల దుప్పట్లు మీదికి లాక్కుంటున్నారు. తను కుంకుమభరిణె పట్టుకుని ఒక్కొక్క గడపలో నిలబడి, "అమ్మా, రేపు..." అంటున్నాడు. ఎవరూ లేవడం లేదు. మేడ మెట్లకు చివర లేదు. ఏ గడపలో చూసినా ఆ మూసిన ఆకులే.

"నాయనా, టిపను తెచ్చినా."

కళ్ళు తెరిస్తే శశికళ. క్యారియర్ పక్కన పెట్టి, నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని గడ్డిలో కూర్చుంది. పిల్లవాడి బుగ్గ మీద ఎర్రటి గీత.

"ఏమే అది?"

"గీరుకున్నాడు. గోళ్ళు చూడు, పిల్లి గోళ్ళు." ఆమె వాడి పిడికిలి మెల్లగా విప్పి, చిటికెన వేలు పెదవుల మధ్య పెట్టుకుంది. గోరు కొసను పంటితో కొరికి, పక్కకు ఊదేసింది. తరువాత పక్క వేలు. వాడు పెదవులు చప్పరించాడు గానీ కదల్లేదు.

"లేస్తాడేమోమ్మా."

"లేచుంటే తియ్యనిస్తాడా నాయనా? చెయ్యి చూపిస్తేనే ఊరంతా వినేట్ల అరుస్తాడు. గోళ్ళు తీసేది నిద్రలోనే. లేచేలోపల అయిపోవల్ల."

వెంకటరాయప్ప ఆ చిన్న వేళ్ళను చూశాడు. అయిదు వేళ్ళూ అయ్యాయి. శశికళ ఆ పిడికిలి మూసి, రెండోది విప్పింది. వాడి ఊపిరి మారలేదు. కూతురి ముఖంలో భయం లేదు, తప్పు చేస్తున్నానన్న శంకా లేదు. తన నాయన తనకు చెప్పిన మాటల్లో ఈ మాట లేదు. ఆయన మగవాడు. ఆయనకు తెలిసుండదు.

లేచి, కుంటుకుంటూ పునీత్ దగ్గరికి పోయాడు. చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఎక్కు."

"లేసిందా?"

"లేవలేదు. లేచేలోపలే కానీ. మిషను వద్దు, చేతిరంపం తీసుకో. కింద నుంచి ముందు గాటు పెట్టు, లేకుంటే తోలు చీలుతాది. మెల్లగా."

"గుసగుస ఎందుకు మామా?"

"గుసగుసలోనే అడుగు."

మోహన్‌కుమార్ మిషను రంపాన్ని గోనెసంచి కప్పి పక్కన పెట్టాడు. కొమ్మకు కట్టే తాడు ఇద్దరు పట్టుకున్నారు. పునీత్ నడుముకు కట్టిన కొత్త మోకును పై పంగలో వేసి, దాని కొస వెంకటరాయప్ప పట్టుకున్నాడు. మేలుకున్న వాళ్ళు పక్కవాళ్ళను లేపి, లేపగానే వేలు పెదవుల మీద పెట్టి చూపించారు.

పునీత్ ఎక్కుతుంటే చెట్టు అతన్ని కొంచెం కొంచెంగా లోపలికి తీసుకుంది. ముందు భుజాలు పోయాయి, తరువాత నడుము, చివరకు అరికాళ్ళు. ఇక వెంకటరాయప్పకు మిగిలింది చేతిలోని మోకొక్కటే. అది కదిలితే అల్లుడు కదిలినట్టు, ఆగితే ఊపిరి తీసుకున్నట్టు. కాసేపటికి రంపం మొదలైంది. బియ్యం చెరిగినట్టు సన్నని చప్పుడు. తెల్లని పొట్టు మబ్బు వెలుతుర్లో తేలుతూ వచ్చి జనం తలల మీద పడింది. ఎవరూ దులుపుకోలేదు.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. పైన ఏదో జారింది. నాచు పట్టిన బెరడు ముక్క ఒకటి కొమ్మలకు తగులుతూ కిందపడింది. మోకు బిగిసి వెంకటరాయప్ప అరచేతుల్లో కాల్చినట్టు పరుగెత్తింది. చెడ్డ మోకాలిని నేలకు తన్ని, వెనక్కి వాలి, బిగబట్టాడు. గొంతుదాకా కేక వచ్చింది. శశికళ చెయ్యి నోటికి అడ్డం పోయింది. ఒళ్ళో పిల్లవాడు ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకున్నాడు. అరవకూడదు. అరిస్తే ఒకరు కాదు, అందరూ లేస్తారు. బిగిసిన మోకులో పైనున్న మనిషి బరువంతా, గుండె కొట్టుకోవడంతో సహా, తన చేతుల్లోకి దిగి ఊగింది.

ఊగి ఊగి, నిలిచింది. బరువు మెల్లగా చేతుల్లోంచి తీసుకున్నట్టు తగ్గింది. పునీత్ కాలు ఆనింది. ఆకుల ముడుపుల్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఏమీ కాలేదన్నట్టు ఊగింది. ఆ చేతిని చూసి వెంకటరాయప్ప, ఎక్కించాక మొదటిసారిగా, ఊపిరి వదిలాడు. రంపం మళ్ళీ బియ్యం చెరగసాగింది.

కొమ్మ విరగలేదు. తెగి, కట్టిన తాడుకు వేలాడి, ఒరుగుతూ, ఉయ్యాల పక్కగా నేలమీదికి దిగి, పడుకున్నదే పడుకున్నట్టు మరోచోట పడుకుంది. దాని ఆకులు కూడా ముడుచుకునే ఉన్నాయి. పునీత్ దిగొచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. శశికళ కొంగుతో అద్దింది.

కొమ్మను ముక్కలు చేసి బండికెక్కిస్తుండగా మేడల మధ్య మబ్బు చిరిగింది. ఎండ ముందు చెట్టు తల మీద పడింది. అక్కడి ఆకులు విడివడ్డాయి, తరువాత కింది కొమ్మలవి. నీడ ఒక్కొక్క తునకే అతుక్కుంటూ మనుషుల మీద పరుచుకుంది. తెగిన చోట మాత్రం ఎండ నేరుగా ఉయ్యాల మీద పడింది. జనం అటు చూసీ చూడనట్టు లేచి ఇళ్ళకు నడిచారు. మేడల్లో ఫ్యాన్లు తిరగడం మొదలైంది.

మోకు చుట్ట చుడుతున్న వెంకటరాయప్ప తలెత్తలేదు. పునీత్ పక్కకొచ్చి నిలబడ్డాడు. ఇంకా గుసగుసలోనే అన్నాడు:

"లేచింది మామా. ఇప్పుడన్నా చెప్పు."

"ఇప్పుడు చెప్తే ఏడుస్తాది," అన్నాడు వెంకటరాయప్ప. చుట్ట భుజాన వేసుకుని, ఏమీ ఎరగనివాడిలా గేటువైపు నడిచాడు. "రా, పోదాం."