కాంటాకెక్కిన జబ్బ

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లను అందరం చూశాం. హనుమకొండ దవాఖానలో ఫిజియోథెరపీ పీజీ చదివే స్నేహలత మాత్రం దొంగలు కానివాళ్ల భుజాలు తడమడమే పనిగా పెట్టుకుంది. భుజం ఎంత పనిచేస్తోందో కొలిచే ఇంగ్లీషు ప్రశ్నాపత్రం ఒకటుంటే, ఎనిమిది నెలలు కూర్చుని దాన్ని తెలుగులోకి దించింది. భుజాన్ని 'జబ్బ' అంటేనే జనానికి ఎక్కుతుందని పట్టుబట్టి అదే రాసింది. జబ్బకు జబ్బు చేసినవాళ్ల దువ్వెన తలదాకా వెళ్తుందా, వాళ్లు పై అరలో డబ్బా పెట్టగలరా, ఇలా పది ప్రశ్నలు. అసలు చేతకాకపోతే సున్నా, సునాయాసంగా చేస్తే పది.

దించడమైతే దించింది గానీ, దించిన బరువు వచ్చి ఆమె భుజాల మీదే కూర్చుంది. అనువాదం నమ్మదగినదని రుజువు కావాలంటే, వ్యాయామాలు మొదలుపెట్టకముందే, వారం గడిచాక అదే మనిషిని అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. జబ్బ మారనప్పుడు జవాబూ మారకూడదు. రెండు జవాబుల పొంతనను ఒక అంకెలో చెబుతారు. అది ఒకటికి ఎంత దగ్గరైతే అంత నమ్మకం.

ముందుగా పదిమందిని అడిగి చూస్తే వచ్చిన అంకె 0.41.

"నలభై ఒకటికి పాస్ చెయ్యనీకి ఇది టెన్త్ పరీక్ష కాదమ్మా," అన్నాడు గైడు శ్యాంసుందర్ సార్. "నీ తెలుగు తేలిపోయింది. ఇంకో నలభై మందిని అడుగు. 0.75 దాటకుంటే ఈ కాగితం పక్కన పెట్టి ఇంగ్లీషుదే వాడుదాం. నువ్వు థీసిస్‌కు వేరే టాపిక్ చూసుకో."

గైడు కదా, దారి చూపిస్తాడనుకుంటే తలుపు చూపించాడు.

మర్నాడు వ్యాయామాలకు బక్కమ్మ వచ్చింది. పేరుకే బక్క, మాట మాత్రం బండ. ఏళ్ల తరబడి మిర్చి బస్తాలు ఎత్తీ దించీ కుడి జబ్బ పట్టేసింది. మొదటి పదిమందిలో ఆమె ఒకతి. స్నేహలత ఆమె కాగితాలు రెండూ ముందు పరిచింది.

"అమ్మా, పై అరల డబ్బా పెట్టుడు మొదటిసారి రెండన్నవ్. వారానికి ఎనిమిదన్నవ్. మధ్యల ఏం తిన్నవమ్మా?"

"తిన్నదేం లేదు బిడ్డా. నువ్వే మళ్ల అడిగితివి గదా! బడిల పంతులు ఒక్కటే లెక్క రెండుసార్లు అడిగిండంటే ఏంది? ఫస్టు చెప్పింది తప్పనే గదా. గందుకే జర మార్చి చెప్పిన." బక్కమ్మ గొంతు తగ్గించింది. "ఏం బిడ్డా, ఎనిమిది కూడ తప్పేనా?"

స్నేహలతకు నవ్వూ ఏడుపూ ఒకే ఆటోలో వచ్చాయి. మిగతా తొమ్మిదిమందికీ ఫోన్లు కొట్టింది. మట్టెవాడలో దర్జీ పని చేసే ఫకీర్ మహమ్మద్ సంగతి వినగానే, "నాకూ అదే ఫికరైంది మేడం," అన్నాడు. "తప్పు చెప్పిన్నేమో అని అన్నిట్ల రెండు రెండు కట్ చేసిన. ఇప్పుడన్న కొలత కుదిరిందా?"

పదిమందిలో ఏడుగురిదీ ఇదే కథ. తప్పు తెలుగుది కాదు, మళ్లీ ఎందుకు అడుగుతున్నారో చెప్పకపోవడానిది.

"మరి తప్పు కాదని మీకెట్ల చెప్పాలమ్మా?" అంది స్నేహలత తల పట్టుకుని, ఇంకా అక్కడే ఉన్న బక్కమ్మతో.

"గదెంత పని? మార్కెట్ల బస్త కాంట మీద పెడుతం. అనుమానమొస్తే దించి, అదే బస్తను మళ్ల పెడుతం. బస్తది తప్పా? కాదు. కాంట సక్కగున్నదా లేదా అని. నువ్వు చేత్తాన్నది గదే గదా!"

ఎనిమిది నెలలు భుజాలు తట్టినా తట్టని మాట! స్నేహలత ప్రశ్నల్లో ఒక్క ఒత్తు కూడా మార్చలేదు. రెండోసారి ఇచ్చే కాగితం నెత్తిన మాత్రం ఇలా రాసింది: 'పోయినసారి మీరు చెప్పింది తప్పు కాదు. పరీక్ష మీకు కాదు, ఈ కాగితానికి. కాంటా సరిగ్గా ఉందో లేదో చూడటానికి అదే బస్తాను మళ్లీ పెడుతున్నాం. ఈ రోజు ఎట్లుంటే అట్లే చెప్పండి.'

"థీసిస్‌ల మిర్చి బస్తనా? ఘాటుగనే ఉన్నది," అని దగ్గి, సార్ సంతకం పెట్టాడు.

స్నేహలత నలభై మందినీ అడిగింది. వారానికి మళ్లీ అడిగింది. ఈసారి ఎవరూ తప్పు దిద్దుకోలేదు. లెక్క కట్టే రోజు సార్ స్వయంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. స్నేహలత ఆయన వెనకాల నిలబడింది.

0.93.

సార్ కళ్లజోడు తుడుచుకుని, లేచి కుర్చీ ఆమెకిచ్చాడు. "మళ్ల చెయ్యి."

మళ్లీ చేసింది. 0.93.

"రెండోసారి అడిగినా మారలే సార్!" అంది స్నేహలత, గొంతు వరండా దాటేలా.

"కాంట సక్కగున్నది," అని సార్ ఒప్పుకున్నాడు. "ఇగ నుంచి మన దగ్గర తెలుగుదే. ఇంగ్లీషుది బీరువలకు." ఆమె భుజం తట్టాడు. అన్ని భుజాలు కొలిచిన స్నేహలతకు తనకూ రెండున్నాయని అప్పుడే గుర్తొచ్చింది.

మూడు నెలలకు థీసిస్ అట్టకట్టి వచ్చింది. పై అరలో పెట్టడానికి స్నేహలత స్టూలు వెతుకుతోంది.

"ఇటియ్యి బిడ్డా," అంటూ బక్కమ్మ అందుకుంది. కుడిచేత్తోనే. చెయ్యి మెల్లగా భుజం దాటింది, చెవి దాటింది, తల దాటింది. పుస్తకం అర మీద 'టక్' మని కూర్చుంది.

గదిలో ఉన్న పేషెంట్లంతా చప్పట్లు కొట్టారు, ఎత్తగలిగినంత ఎత్తులో.

"ఎంతేస్తవమ్మా ఇప్పుడు?" అంది స్నేహలత.

"పది!" అంది బక్కమ్మ, చెయ్యి ఇంకా దించకుండానే. "మళ్ల అడుగు, పదే!"