బ్యాటరీకి పసుపు

భర్త పోయాక వచ్చిన మొదటి దసరాకి తెనాలిలో నాగరత్నం కారు పూజ ఒక్కతే చేసుకుంది. ఏటా ఆయన బ్యాటరీ వైర్లు విప్పితే తను పసుపు రాసేది. ఈసారి విప్పడం, రాయడం, బిగించడం అన్నీ తనే చేసింది.

మర్నాడు రేపల్లె వెళ్దామని తాళం తిప్పితే కారులో లైటు కూడా వెలగలేదు. అమ్మేయమని మరిది ఎప్పటినుంచో అంటున్నాడు. ఆయన నడిపిన కారు అమ్మడం ఆమెకిష్టం లేదు. మెకానిక్ కోటిబాబుని పిలిచింది.

అతను బానెట్ ఎత్తి, వైర్లు విప్పి చూసి నవ్వాడు. "పసుపు ముద్ద మీదే బిగించేశారేంటి పిన్నిగారూ? కరెంటెలా పోద్దండి?"

"ఏటా రాసేదాన్నేగా?"

"మీరు లోపలికెళ్ళగానే బాబాయిగారు తుడిచేసి బిగించేవారండి. మీ పిన్నికి చెప్పకురా అనేవారు."

నాగరత్నం అతని చేతిలోని గుడ్డ తీసుకుంది. పసుపు పోయాక కూడా ఇంకాసేపు తుడిచి, వైర్లు తనే బిగించింది. ఈసారి కారు స్టార్టయింది. రేపల్లె దాకా ఒక్కతే నడుపుకుంటూ వెళ్ళింది.