ఇసుకలో ఒకటే గుంట

మావారి పేరు లాస్టన్. ఆయన ప్యాంట్లు ఎప్పుడూ కుడివైపే చిరిగేవి. మొక్కజొన్న నాటిన నాటి నుంచి కోత దాకా మూడు మాసికలు వేశాను, మూడూ కుడి పిరుదు మీదే. ఎడమవైపు గుడ్డ రంగైనా పోలేదు.

"సైకిలు సీటు పాడైంది ఫత్సాని అమ్మా, అంతే," అనేవారు, మా బిడ్డ పేరుతో నన్ను పిలుస్తూ. నేనూ అదే అనుకున్నాను.

ఆయనది కబాజా పని. సలిమ ఊళ్ళో బస్సులాగే చోట మనుషులను కిరాయికి సైకిలు వెనక ఎక్కించుకుని సరస్సు ఒడ్డున దించుతారు. ఎక్కేవాళ్ళు వెనక కుషను చూసే సైకిలు ఎంచుకుంటారు. అందుకే దానికి ఎర్ర రెక్సిను, జానెడు స్పాంజి, చుట్టూ కుచ్చులు. తను కూర్చునే సీటు మాత్రం పగిలిపోయి, ట్యూబు ముక్కల కట్లతో ఉండేది. తినేటప్పుడు కూడా ఒక పక్కకే ఒరుగుతుంటే చూడలేక, ఒక శనివారం సంతకు లాక్కెళ్ళాను.

అక్కడ సీట్లమ్మే సితోలె తాత దగ్గర పాత జపాన్ సైకిళ్ళ సీట్లు గుట్టగా ఉన్నాయి. మావారు ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి చూస్తున్నారు.

"ఇదిగో, వేడి మొక్కజొన్న న్సిమ ముద్దలా ఉంది. ఏం తాతా, అన్నీ జపాన్ ముసలమ్మలు కూర్చున్నవేనా?"

"వాళ్ళు నీకంటే తిన్నగానే కూర్చున్నారులే. బొటనవేలితో తొక్కుతావా సైకిలు? ఇలా రా."

తాత బల్ల మీద ఒక వెడల్పాటి రేకు పళ్ళెం పెట్టాడు. దాన్నిండా తడి ఇసుక. మనిషి అందులో కూర్చుని లేస్తే ఎముకలు దిగిన చోట రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరం గడ్డిపుల్లతో కొలిచి, దానికి సరిపోయే సీటు తీస్తాడు. మావారు కూర్చుని లేచారు.

కుడివైపు పిడికిలి పట్టేంత గుంట. ఎడమవైపు ఇసుక తాత చదును చేసినట్టే ఉంది.

తాత మళ్ళీ చదును చేశాడు. "నిటారుగా కూర్చోరా."

ఆయన నిటారుగా కూర్చోబోయి కెవ్వుమని లేచిపోయారు. పక్క దుకాణాల వాళ్ళు నవ్వారు. తాత నవ్వలేదు.

"నీకు సీటు లేదు నా దగ్గర."

"ఇంత గుట్ట పెట్టుకుని లేదంటావా?"

"కొలవడానికి రెండు గుంటలు కావాలి. నీకు ఒకటే ఉంది. ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని నన్నడిగాడు.

"మొక్కజొన్న నాటినప్పటి నుంచి," అన్నాను. మూడు మాసికలూ గుర్తొచ్చాయి.

"ఆసుపత్రికి తీసుకుపో."

"సీట్లమ్మేవాడివి, డాక్టరు కబుర్లెందుకు?" అని మావారు విసుక్కుని, అన్నిటికన్నా మెత్తనిది లాక్కుని డబ్బు బల్ల మీద పడేశారు.

దాని మీద రెండు రోజులు తొక్కారు. మూడో రోజు కాలు లేవలేదు. ఆయన సైకిలు మీదే ఆయన్ను వెనక కూర్చోబెట్టి, నేను తొక్కుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ ఎర్ర కుషను మీద ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

"బాగుంది కదే," అన్నారు దారిలో.

ఎడమ తుంటి ఎముకలో గడ్డ, ఊపిరితిత్తుల దాకా పాకింది అన్నాడు డాక్టరు. నొప్పికి మాత్రలిచ్చి, ఇంటి దగ్గరే చూసుకోమన్నాడు.

తర్వాతి శనివారం ఆ మెత్తని సీటు పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళాను. ఇక ఆ సైకిలు నేనే తొక్కాలని విని, బస్సుల దగ్గర కబాజా వాళ్ళు, "వదినా, మమ్మల్ని ఎక్కించుకుంటావా?" అని అప్పటికే ఆటపట్టించడం మొదలుపెట్టారు. తాత ఆ సీటు తీసుకుని పక్కన పెట్టాడు. పళ్ళెం నా ముందుకు జరిపి, అటు తిరిగి నిలబడ్డాడు.

నేను లేచాక గడ్డిపుల్లతో కొలిచాడు. "రెండూ సమానంగా ఉన్నాయమ్మా," అంటూ అడుగున ఉన్న సీటొకటి తీసిచ్చాడు.

ఇంట్లో ఆయన చాప మీద కుడివైపుకే ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. సీటు చేతికిమ్మన్నారు. బొటనవేలితో నొక్కి చూశారు.

"గట్టిగా ఉందే. మెత్తనిది తీసుకోవాల్సింది," అన్నారు.

నేను సీటు తీసుకుని, బిగించడానికి పానా వెతుక్కున్నాను.