గ్రేమ్ గారి ఏజెంటు

అన్నయ్య బ్యాగులో లుంగీలు పెడుతున్నాడు. ఆయన అటు తిరగ్గానే నేను వాటిని తీసి వాషింగ్ మెషీన్లో పడేస్తున్నాను.

"ఉతికినవే కదే, మళ్ళీ ఉతుకుతావేం?" అన్నాడు.

"నాకు మాసినట్టే కనిపించాయి."

జ్ఞానదాసు అన్నయ్యకి న్యూజిలాండ్ వచ్చి రెండేళ్ళయింది. కొడుకు రెజినాల్డ్ టౌరంగాలో ఉంటాడు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు దొరకడం లేదని, మౌంట్ రాస్కిల్లో మా అమ్మాయి జోసఫిన్ ఇంటికి, నా దగ్గరికి వచ్చేశాడు. ఇప్పుడు ఆయన ఊరు గుడివాడలో మునిసిపల్ ఎన్నికలట, వెళ్ళి తీరాలంటాడు. నలభై ఏళ్ళు ఎవరో ఒకరికి పోలింగు ఏజెంటుగా కూర్చున్న మనిషి. ఆయన కూర్చున్నవాళ్ళలో గెలిచినవాళ్ళు తక్కువే, అది వేరే సంగతి.

"ఇక్కడా ఎన్నికలే కదా అన్నయ్యా. మనకీ ఓటుందని కార్డులొచ్చాయి."

"పాస్‌పోర్టు ఇండియాది, ఓటు ఇక్కడా? అందులోనే తెలుస్తోంది వీళ్ళ సంగతి. మైకు లేదు, జీపు లేదు, తిట్టుకునేవాడు లేడు. ఇవి ఎన్నికలటే? ఎవరింట్లోనో మనిషి పోయినట్టుంది."

నా భయం నాది. మా ఆయన ఇంతే బ్యాగుతో గుంటూరు ఆసుపత్రికి వెళ్ళాడు, ఆదివారానికి వచ్చేస్తానని. అప్పట్నుంచి జిప్పు లాగిన చప్పుడు వింటే నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. అన్నయ్య వెళ్తే మళ్ళీ రాడని నా గట్టి నమ్మకం.

సరిగ్గా అప్పుడే తలుపు కొట్టారు. ఎదురుగా తెల్లాయన, చేతిలో సుత్తి. పేరు గ్రేమ్. ప్లంబరుగా చేసి రిటైరయ్యాడట, ఇండిపెండెంటుగా నిలబడ్డాడట. ఆయనిచ్చిన కాగితం వేలు పెట్టి చదివాను. నేను బడికి పోలేదు. తెలుగు బైబిల్లో నేర్చుకున్నాను, ఇంగ్లీషు ఇక్కడి బిస్కెట్ ప్యాకెట్ల మీద. బస్టాపులన్నిటికీ కప్పు వేయించాలి, అదీ ఆయన పోరాటం. మా ఫెన్సుకి తన బోర్డు కొట్టుకోవచ్చా అని అడుగుతున్నాడు.

అన్నయ్య గ్రేమ్ వెనక్కి తొంగిచూసి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. "మీ మనుషులేరీ?"

"మా ఆవిడ కారులో ఉంది. మోకాలి నొప్పి."

"అభ్యర్థే మేకులు కొట్టుకోవడమా?" అని అన్నయ్య ఆ సుత్తి లాక్కున్నాడు. బోర్డు తనే కొట్టాడు. లోపలికొచ్చి, "పాపం, దిక్కులేనివాడే" అన్నాడు. బ్యాగు మంచం కిందికి తోశాడు.

ఇక గ్రేమ్ గెలిస్తే అన్నయ్య ఉండిపోతాడని నాకు ఆశ పుట్టింది. శుక్రవారం సాయంత్రం పాపకూర అనే ఊళ్ళో జరిగే తెలుగు ప్రార్థన కూటంలో ఆయన పేరు చెప్పాను.

"ఏం జబ్బమ్మా ఆయనకి?" అన్నారు పాస్టరు గారు.

"జబ్బు కాదండీ, ఇండిపెండెంటు."

తెల్లారి శనివారం, పోలింగు. లేచి చూస్తే ఫెన్సు మీద బోర్డు లేదు. ఎదురింటి మీద ఉండే పెద్ద పార్టీ బోర్డూ లేదు. వీధి చివరిదాకా నడిచి చూశాం, ఎవరి బోర్డూ లేదు. ఒక్క కార్యకర్త లేడు.

అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "కొనేశారు."

"ఎవర్నీ?"

"అందర్నీ. రాత్రికి రాత్రే. మనవాణ్ణి కూడా." ఇంటివైపు నడుస్తూ, "వాడు అమ్ముడుపోయినా నేను పోను" అన్నాడు.

అట్టపెట్టె చింపి దాని మీద గ్రేమ్ పేరు పెద్దక్షరాలతో రాశాడు. మడతకుర్చీ, గొడుగు, స్టీలు క్యానులో మజ్జిగ. వద్దంటే వింటాడా? గ్లాసులు పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. పోలింగు జరిగే బడి గేటు ముందు దుకాణం పెట్టాం. జనం నవ్వుతూ పోతున్నారు. ఒకావిడ మజ్జిగ తాగి, ఎంత ఇమ్మంటావని అడిగింది. "ఓటు" అన్నాడు అన్నయ్య.

బూత్‌లోంచి ఆఫీసరమ్మ వచ్చింది. చాలా మర్యాదగా ఏదో చెబుతోంది. అన్నయ్య అంతకంటే మర్యాదగా ఆవిడకో గ్లాసు ఇవ్వబోయాడు. ఇంతలో నైట్ డ్యూటీ దిగి, ఓటేసి ఇంటికి పోదామని జోసఫిన్ వచ్చింది. మమ్మల్ని చూసి కారు నడిరోడ్డు మీదే ఆపేసింది.

"మావయ్యా, ఇవాళ ప్రచారం నేరం. శుక్రవారం అర్ధరాత్రిలోగా బోర్డులన్నీ ఎవరివి వాళ్ళే తీసేసుకోవాలి, అదీ ఇక్కడి రూలు. మీరు పాపకూరలో ఉండగా గ్రేమ్ వచ్చి తీసుకెళ్ళి ఉంటాడు."

అప్పుడే గ్రేమ్ ఓటెయ్యడానికి వచ్చాడు. అట్ట మీద తన పేరు చూసి ముఖం పాలిపోయింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చంకలో దాచుకున్నాడు. "ఆఫీసరమ్మా, ఈయన చేసిన పని నాకు తెలియదు. జ్ఞాన్, నన్ను జైల్లో వేయిస్తావా?" అన్నాడు.

"కేసు పెడతారా?" అన్నాడు అన్నయ్య. ఆ గొంతులో ఆశ నాకొక్కదానికే తెలిసింది.

ఈసారికి వదిలేస్తున్నామంది ఆఫీసరమ్మ. లోపలికెళ్ళి ఓట్లేశాం. వేలికి సిరా పుయ్యరని తెలిసి అన్నయ్య కాస్త నొచ్చుకున్నాడు గానీ, దారంతా ఈల వేశాడు. "ఇప్పుడు ఎన్నికలా ఉందే చెల్లాయ్."

గ్రేమ్ ఓడిపోయాడు. రెండొందల ఓట్లు కూడా రాలేదు. ఓడినవాడు తలుపులు వేసుకుని ఉంటాడని, ఓదారుద్దామని అన్నయ్య చొక్కా వేసుకుంటుంటే, ఆయనే కేకు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయట. మజ్జిగ గ్లాసు అడిగి తాగాడు. బోర్డు మా గరాజులో పెట్టాడు, మూడేళ్ళ తర్వాత పనికొస్తుందని.

"అప్పుడు నువ్వే నా ఏజెంటు. ఉంటావుగా?"

"ఎందుకుండను? గుడివాడలో ఓ చెయ్యి వేసి, క్రిస్మస్‌కి వచ్చేస్తా. రూల్స్ కూడా నేర్చుకుంటా."

ఆ మాట అంత సంతోషంగా అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. ఈసారి లుంగీలు నేనే మడతపెట్టి సర్దాను. జిప్పు కూడా నేనే లాగాను.

మూడేళ్ళకి గ్రేమ్ వచ్చి బోర్డు తీసుకుని, తనే మేకులు కొట్టుకున్నాడు. అన్నయ్య 2005 సెప్టెంబరులో వెళ్ళాడు. తిరిగి రాలేదు.