రెండో నంబరు నొక్కితే

మా అత్త రాహేలమ్మ వేళ్లు చింతపండు కొట్టీ కొట్టీ కాయలు కాచిపోయాయి. టచ్ ఫోన్ ఆమె నొక్కితే పలికేది కాదు. అందుకే మా ఆయన ఆత్మకూరులో బటన్ల స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాడు. వాట్సాప్ కూడా వస్తుంది. రెండో నంబరు నొక్కి పట్టుకుంటే నా ఫోన్ మోగుతుంది.

అత్త పోయాక అది మా చిన్నది షారోను చేతికొచ్చింది. కింద పడినా పగలదు. కానీ షారోను ఆ రెండో నంబరు నొక్కినప్పుడల్లా నా ఫోన్లో 'అత్త' అని వెలుగుతుంది. భయంతో ఎత్తను.

"పేరు మార్చుకోరాదా?" అన్నాడు మా ఆయన.

"ఫోనే అమ్మేయయ్యా. బిడ్డ దాంట్లో ఎవురితోనో గుసగుసలాడతా ఉండాది."

"టచ్ ఫోన్ ఇస్తే నీ మొహం కూడా చూడదు. సరే, సాయంత్రం ఉదయగిరికి తీసకపోయి అమ్మేస్తాలే."

మధ్యాహ్నం వంటింట్లో ఉండగా మళ్లీ మోగింది. ఇదే ఆఖరు కదా అని ఎత్తాను.

"అన్నం తింటివా పాపా?"

నన్ను పాపా అని పిలిచింది అత్త ఒక్కతే. గొంతు మాత్రం షారోనుదే. ముందుగదిలోంచి అడుగుతోంది.

"ఇంకా లేదత్తా" అన్నాను.

సాయంత్రం మా ఆయన ఆ ఫోన్ అడిగితే, చార్జింగ్‌లో ఉందని చెప్పాను.