చివరి పేజీ చదివి వినిపించినవాడు

పుస్తకం అట్ట చిరిగిన చప్పుడు వినగానే డెర్వ్లా, ఫింటన్ చేతిని పళ్ళతో పట్టుకుంది. నోటికి నెత్తురు తగిలేదాకా వదల్లేదు.

ఐర్లాండ్‌లో కార్క్ తీరంలోని ఆ చేపల ఊళ్ళో, ఆడదాన్ని ప్రేమించిన ఆడదాని కథ లైబ్రరీ మొత్తానికి ఒక్కటే ఉంది. ఇంట్లో అన్న ఉన్నాడు కాబట్టి తీసుకుపోయే వీల్లేదు. డెర్వ్లా ఫ్యాక్టరీలో పని దిగి, చేపల వాసన చేతులతోనే బల్ల దగ్గర కూర్చుని చదువుకునేది. ఇదివరకు దొరికిన కథల్లో ఒకామె సముద్రంలో దూకింది, ఇంకొకామెను క్షయ తినేసింది. మనవాళ్ళను చంపకుండా కథ ముగించడం ఒక్కడికీ చేతకాలేదు! ఈసారైనా మేవ్, నోరా ఇద్దరూ బతుకుతారా? తేల్చే చివరి అధ్యాయం ఇప్పుడు, బూతు పుస్తకమంటూ చింపడానికొచ్చిన ఫింటన్ పిడికిట్లో ఉంది.

"కుక్కవటే నువ్వు? ఒకే బడిలో చదివాం కదే!" అంటూ వాడు ఆమె జుట్టు పట్టి తలను బల్లకేసి బాదాడు. పెదవి చిట్లింది. పన్ను ఊడింది.

"నీకు అప్పుడూ చదువు రాలేదు కదరా. ఇటిచ్చెయ్, వెధవా!"

వాడితో వచ్చిన కోల్మ్ ఫోన్లో లైవ్ పెట్టాడు. "చివర్లోనే ఉంటుందన్నా అసలు బూతు. గట్టిగా చదువు, ఊరంతా వింటుంది."

లైబ్రేరియన్ ఊనా పోలీసులకు ఫోన్ చేస్తూ కేకలు పెడుతోంది. ఫింటన్ డెర్వ్లాను నేలకు పడేసి, వీపు మీద మోకాలు అదిమి, చివరి పేజీ అందుకున్నాడు.

"'మేవ్ కొట్టు తలుపు వేసి, పొయ్యిలో మంట ఎగదోసింది. నీ టీ చల్లారిపోతోంది, రావే అని నోరా పైనుంచి పిలిచింది.'" ఆగాడు. కాగితం తిప్పాడు. వెనక ఖాళీ.

"బూతేదన్నా?"

"లేదురా. టీ తాగుతున్నారు."

డెర్వ్లా నెత్తురు ఉమ్మింది. "ఇద్దరూనా?"

"ఏంటే, ఇద్దరూ?"

"ఇద్దరూ బతికే ఉన్నారా? సరిగ్గా చూసి చెప్పరా!"

"ఉన్నారే! నీ మొహం మండ, ఉన్నారు!" పేజీని ముక్కలు చేసి ఆమె మొహాన కొట్టాడు. లేచి డొక్కలో తన్నాడు. డెర్వ్లా ముడుచుకుపోయింది. నవ్వింది. నవ్వితే విరిగిన పక్కటెముక కత్తిలా దిగుతోంది, అయినా ఆపలేకపోయింది. కోల్మ్ ఫోన్లో లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది.